బండి ఆక్రమణ, బండ అభివృద్ధి

పట్నం బాగుపడుతుందంటే మేం ఎందుకు ఉలిక్కిపడతాం? ఈ మాట మమ్మల్ని చాలామంది అడిగారు. మంచి మనసుతో అడిగినవాళ్లున్నారు. ఎగతాళిగా అడిగినవాళ్లూ ఉన్నారు. చార్మినార్ చుట్టూ రాళ్లు పరుస్తామన్నా గునుస్తారు, రోడ్డు వెడల్పు చేస్తామన్నా గోల చేస్తారు, మెట్రో వస్తుందన్నా లెక్కలడుగుతారు, మీకు మురికంటే అంత మోజా అని! మురికి మీద మోజు ఎవరికుంటుంది? మంచినీళ్ల పైపు కోసం, మురుగు కాలువ కోసం, వీధి దీపం కోసం దరఖాస్తులు పెట్టి పెట్టి అలిసిపోయినవాళ్లం మేం. మా పేచీ రాళ్లతో కాదు. ఆ రాళ్లు పరిచే కళ్లకు మేం మనుషుల్లా కనిపిస్తున్నామా, తీసిపారేయాల్సిన చెత్తలా కనిపిస్తున్నామా అన్నదే మా పేచీ.

తెలుగు పత్రికలకు పాతబస్తీ రెండు సందర్భాల్లోనే గుర్తొస్తుంది. ఒకటి కర్ఫ్యూ, రెండు హలీం. 1990 డిసెంబర్ అల్లర్లలో మా గల్లీల పేర్లన్నీ మొదటి పేజీకెక్కాయి. కత్తుల లెక్క, శవాల లెక్క రాశారు. ఆ గల్లీల్లో పొయ్యి ఎలా వెలుగుతుందో, రోజు కూలీ ఎంతో, అప్పు ఎవరి దగ్గరో రాసినవాళ్లు తక్కువ. ఇప్పుడు అభివృద్ధి చూపూ అలాంటిదే. దానికి చార్మినార్ కనిపిస్తుంది. చార్మినార్ కింద నిలబడ్డ మనిషి కనిపించడు. కనిపించినా అడ్డంగా కనిపిస్తాడు, ఫొటోకి అడ్డంగా.

చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. నగరానికి నక్షా గీసింది మీర్ మోమిన్ అస్త్రాబాదీ అంటారు. నడుమ చార్మినార్, నాలుగు దిక్కులకూ నాలుగు రోడ్లు, రోడ్లకు రెండు వైపులా దుకాణాలు. ఉత్తరాన నాలుగు కమాన్ల మధ్య గుల్జార్ హౌజ్. పడమటికి తిరిగితే లాడ్ బజార్. దక్షిణాన మక్కా మసీదు. ఖాళీ మైదానంలో ఒక కట్టడం వెలిస్తే తర్వాత మేమొచ్చి ఈగల్లా మూగలేదు. బజారు, కట్టడం కలిసి పుట్టాయి. బజారు లేని చార్మినార్‌ను చూడాలన్న కోరిక ఈమధ్య పుట్టింది, అదీ బజారుకొచ్చే పనిలేనివాళ్లకు.

ఈ మాట అనగానే మమ్మల్ని నవాబుల వారసులంటారు. పాలించినవాళ్లు కదా మీరు, ఇంకా ఆ మత్తు దిగలేదా అంటారు. అయ్యా, మా తాతలు దేవిడీల్లో పల్లకీలెక్కినవాళ్లు కాదు, మోసినవాళ్లు. ఝట్కా తోలినవాళ్లు, తోలు నానబెట్టినవాళ్లు, దూది ఏకినవాళ్లు. నవాబులు పోతే మాకు పోయిందేమీ లేదు, వాళ్ల మీది కోపం మాత్రం మా మీదికి వచ్చింది. పాతకాలం మహా గొప్పదని మేం చెప్పబోవడం లేదు. అప్పుడూ వీధులు వెడల్పు చేశారు, అప్పుడూ ఇళ్లు పోయాయి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి వేల మందిని మింగింది. తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇవాళ వారసత్వం, వారసత్వం అని మురిసిపోతున్న పత్తర్‌గట్టి రాతి కమాన్లు ఆ బోర్డు చేతి పనే. అదీ ఒక రోడ్డు వెడల్పు పథకమే! కాకపోతే ఆ కట్టడంలో ఒక ఇంగితం ఉంది. రోడ్డు వెడల్పయింది, దుకాణం రోడ్డు మీదే ఉంది, దాని ముందు కమాను కింద నడిచేవాడికి నీడ దొరికింది. బేరాన్నీ నడకనీ శత్రువుల్ని చేయలేదు.

ఇక చార్మినార్ పాదచారుల పథకం సంగతి. రెండు దశాబ్దాలకు పైగా నలిగిన పథకమిది. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే మారింది, తవ్విన గుంటలు మాత్రం చాలాకాలం అలాగే ఉన్నాయి. దాని వాదన సబబైనదే. బస్సులు, లారీలు, ఆటోలు కట్టడాన్ని చుట్టి పోతుంటే పొగకు గచ్చు నల్లబడుతుంది, అదురుకు బీటలిస్తుంది. కనుక వాహనాలను లోపలి రింగు రోడ్డు, బయటి రింగు రోడ్డు మీదికి మళ్లించాలి, చార్మినార్ చుట్టూ మనిషి నడవాలి. మంచిదే. 2019 మేలో ఒక మినార్ నుంచి గచ్చు ముక్క ఊడి కింద పడ్డప్పుడు మా గుండెల్లోనూ రాయి పడింది. మీకది పర్యాటక స్థలం, మాకు పొద్దున లేస్తే కనిపించే ముఖం.

వాహనాన్ని ఆపారు, సరే. వాహనంతో పాటు ఠేలా బండి ఎందుకు పోవాలి? ఠేలాకు పొగగొట్టం లేదు. జామకాయల గంపకు ఇంజను లేదు. అత్తరు సీసాలు, టోపీలు, తస్బీలు పరిచిన గుడ్డ ఏ గోడనూ అదరగొట్టదు. పాదచారుల కోసమే పథకమైతే ఆ వీధిలో పొద్దున్నుంచి రాత్రిదాకా కాళ్ల మీద నిలబడేవాడికంటే పెద్ద పాదచారి ఎవడు? కానీ పథకం కాగితాల్లో పాదచారి అంటే డబ్బులు ఖర్చుపెట్టడానికి వచ్చి పోయేవాడు. సంపాదించుకోవడానికి వచ్చి ఉండేవాడు ఆక్రమణదారు. 2017లో చార్మినార్‌ను దేశంలోని స్వచ్ఛ ప్రముఖ స్థలాల రెండో జాబితాలో చేర్చారు. ఆ మాట వినగానే మాకు సంతోషం కన్నా ముందు అనుమానం పుట్టింది. స్వచ్ఛత పేరెత్తినప్పుడల్లా మొదట ఊడ్చేది మమ్మల్నే కనుక. 2021 అక్టోబర్‌లో చార్మినార్ దగ్గర ఆదివారం సాయంత్రాల ఉత్సవాలు మొదలుపెట్టి పాటలు పెట్టించారు, స్టాళ్లు వేయించారు. బల్ల వేసి బట్ట కప్పి పేరు రాస్తే స్టాలు. అదే సరుకు చక్రాల మీద ఉంటే ఆక్రమణ! ఈ తేడా ఏ శాస్త్రంలో ఉందో మాకు తెలియదు.

శాస్త్రం మాట అటుంచి, చట్టంలో ఏముందో చూద్దాం. 2014 వీధి వ్యాపారుల చట్టం చాలా స్పష్టంగా చెబుతుంది. సర్వే పూర్తి చేసి, వ్యాపారులకు ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ తొలగించకూడదు. వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లను వ్యాపారులే ఎన్నుకోవాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు కావాలి. ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పైకి చదవరు. 50 ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను వేరే చోటికి తరలించకూడదు. ఈ చట్టం కింద తయారుచేసే పథకంలో ఉండితీరాల్సిన సూత్రమిది. 50 ఏళ్లు! చార్మినార్ బజారు వయసు నాలుగు వందల ఏళ్లు దాటింది. రాయికి వారసత్వం బోర్డు తగిలించడానికి మీకు చట్టం అక్కరకొచ్చింది. అదే వారసత్వాన్ని బండివాడికి ఇవ్వమన్న చట్టం మాత్రం అల్మారాలో నిద్రపోయింది.

మావాళ్లే వీధిలో ఎందుకింతమంది ఉన్నారు? బేరం మా రక్తంలో ఉందని కొందరు పొగుడుతారు. రక్తంలో ఏముండదు, ఉద్యోగంలో చోటులేకపోవడం ఉంటుంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చెప్పింది. పనిచేసే ముస్లిం మగవాళ్లలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలోనే ఉన్నారు, దేశం మొత్తానికి చూస్తే అది 8 శాతం లోపే. 2007లో రిజర్వేషన్ల కోసం వెనుకబడిన ముస్లింలుగా గుర్తించిన 14 సమూహాల పేర్లు ఒకసారి చదవండి. అత్తరు సాయిబులు, గారడి సాయిబులు, ఫకీర్లు, బోరేవాలేలు. ఆ పేర్లే వీధి పేర్లు. గంప, సంచి, డోలు, చాప భుజాన వేసుకుని తిరిగినవాళ్ల పేర్లు. వీళ్లను వీధి నుంచి తీసేస్తే ఇంకెక్కడ పెడతారు? తరగతి గదిలో పెట్టారా, కచేరీలో పెట్టారా, బ్యాంకులో అప్పిచ్చారా? రోజు వడ్డీకి తెచ్చిన డబ్బుతో పొద్దున సరుకు కొని, మున్సిపాలిటీ లారీ కనిపిస్తే తక్కెడ చంకనబెట్టి పరుగెత్తి, మామూళ్లిచ్చి మళ్లీ వచ్చి నిలబడి, రాత్రికి మిగిలింది ఇంటికి తీసుకెళ్లేవాడు ఎవరి నగరాన్ని ఆక్రమించాడు? రంజాన్ నెలలో నాలుగు రాళ్లు వెనకేసుకుంటే ఏడాది గడుస్తుంది. 2012 నవంబర్‌లో చార్మినార్ దగ్గర ఉద్రిక్తత రేగినప్పుడు వీధులు మూతపడ్డాయి. నాయకుల ప్రసంగాలు ఏ రోజూ ఆగలేదు, ఆగింది వీళ్ల బోణీ. అక్కడ పూలమ్మే హిందువుకూ ఆగింది.

ఇక మా ఇంటి గొడవ కూడా చెప్పుకోవాలి. ఈ పథకం మీద మాలో మాకే పడలేదు. లాడ్ బజార్ దుకాణదారు అంటాడు: బండ్లు అడ్డం పడి గిరాకీ లోపలికి రావడం లేదు, అద్దె నేను కడతా, బేరం వాడు చేస్తాడు. అతని కష్టాన్ని మేం కాదనం. కానీ దుకాణం ముందరి జాగాకు బండివాడి దగ్గర రోజు కిరాయి గుంజుతూ, కమిటీ మీటింగ్‌లో మాత్రం బండ్లు తీసేయమనే పెద్దమనుషులు మాలోనే ఉన్నారు. వాళ్లు కూడా మసీదులో అదే సఫ్‌లో నిలబడతారు. భుజం భుజం తగులుతుంది గాని బతుకు బతుకు తగలదు. ఇస్లాంలో హెచ్చుతగ్గుల్లేవని జల్సాల్లో చెప్పేవాళ్లు ఒకసారి బజారుకొచ్చి ఎవరు షట్టర్ లోపల ఉన్నారో, ఎవరు ఎండలో ఉన్నారో, వాళ్ల ఇంటి పేర్లేమిటో చూసిపోవాలి. టోలిచౌకీకో మెహిదీపట్నానికో తరలిపోయిన చదువుకున్న మా కుర్రాళ్లకు ఇంకో రకం సిగ్గు. స్నేహితులను తీసుకొచ్చినప్పుడు చార్మినార్ కార్డు మీది బొమ్మలా ఉండాలి వాళ్లకు. చిన్నాన్న బండి ఆ బొమ్మలో ఉండకూడదు.

గాజుల సంగతే తీసుకోండి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీకి వచ్చిన యువతులు లాడ్ బజార్‌లో నడిచి, గాజులు తొడుక్కుని, నవ్వారు. కెమెరాలన్నీ ఆ చేతుల మీదే. ఆ గాజు చేసిన చేయి ఎక్కడుంది? నిప్పుల మీద లక్క కరిగించి, లోహపు చుట్టుకు అద్ది, అది వేడి మీద ఉండగానే ఒక్కొక్క రాయి పొదిగే వేళ్లు గాలి ఆడని గదుల్లో కమిలిపోతాయి. ఆ వేళ్లలో పసివేళ్లు కూడా ఉండేవి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బీహార్ పిల్లల్ని వందల సంఖ్యలో పోలీసులు విడిపించారు. వాళ్లను పనికి పెట్టుకున్నవాళ్లలో మావాళ్లున్నారు, పనికి దిగినవాళ్లలోనూ మావాళ్లున్నారు. మా అస్తిత్వం గురించి రాస్తూ ఈ మాట దాచేస్తే మేం రాసేదంతా అత్తరు పూయడమే అవుతుంది. వీధి బాగు చేస్తాం అన్నవాళ్లు ఆ గదులకు కిటికీ పెట్టించారా? పెట్టించలేదు. గది వీధిలోకి కనిపించదు కదా.

కనిపించేదే బాగు చేస్తే ఏమవుతుందో గుల్జార్ హౌజ్ చూపించింది. సుందరీమణులు నడిచిపోయిన ఐదో రోజు, 2025 మే 18 తెల్లవారి, అక్కడి ఒక ఇంట్లో మంటలు లేచి ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. పిల్లలే ఎనిమిది మంది. ముత్యాల వ్యాపారం చేసుకుంటూ పైన కాపురముండే హిందూ కుటుంబం. లోపలికి దారి ఒక్కటే, అదీ ఇరుకు. ఫజర్ నమాజు ముగించి బయటికొచ్చిన గాజుల దుకాణాల కుర్రాళ్లు అందరికంటే ముందు ఆ ఇంట్లోకి దూరబోయారని పత్రికలన్నీ రాశాయి. మతసామరస్యం అంటూ రెండు రోజులు మెచ్చుకున్నారు. మెచ్చుకోలు మాకొద్దు. ఆ ఇల్లు గల్లీలో లేదు, రాళ్లు పరిచి ముస్తాబు చేసిన వీధికి కూతవేటు దూరంలో ఉంది. పైన రాళ్లు కొత్తవి. లోపల తీగలు, మెట్లు, తలుపులు పాతవి. పాతబస్తీలో ప్రతి మూడో ఇల్లూ ఇలాగే కింద దుకాణం పైన కాపురమన్నట్టు ఉంటుంది. వాటి కరెంటు తీగలు పరీక్షించడానికి, రెండో దారి తీయడానికి, గల్లీలో పట్టే చిన్న ఫైరింజన్ తేవడానికి డబ్బు పెట్టడాన్ని ఎవరూ సుందరీకరణ అనరు. రిబ్బను కట్టడానికి అందులో చోటుండదు.

పాదచారుల పథకం గురించి ఇంతసేపు మాట్లాడింది ఊరికే కాదు. దానికి పక్క రోడ్డులోనే ఇంకా పెద్ద గడ్డపార దిగింది. మెట్రో. మొదటి నక్షాలోనే ఫలక్‌నుమా దాకా ఉండాల్సిన దారి అది. 2017 నవంబర్‌లో నగరంలో మెట్రో మొదలైంది. ఇమ్లీబన్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు మాత్రం ఆగిపోయాయి. మసీదులు పోతాయని, అషూర్‌ఖానాలు పోతాయని, దారి మార్చాలని ఏళ్ల తరబడి వాదులాట. చివరికి 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది, తర్వాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించారు. మెట్రో మాకు కావాలి. గచ్చిబౌలిలో పనిచేసే మా ఆడపిల్ల రెండు బస్సులు మారి రాత్రి ఇంటికి చేరుతుంది. ఆ పిల్లకు మెట్రో వద్దని చెప్పే హక్కు మాలో ఎవరికీ లేదు, చెప్పిన పెద్దలను మేం క్షమించం కూడా. మా అభ్యంతరం రైలు మీద కాదు, లెక్క మీద.

దారుల్‌షిఫా నుంచి షాలిబండ మీదుగా రోడ్డును వంద అడుగులకు వెడల్పు చేయాలన్నారు. గజానికి 81,000 రూపాయలు ఖరారు చేశారు. 2025 జనవరిలో మొదటి చెక్కులు పంచారు, కూల్చివేతలు మొదలయ్యాయి. దారిలో వందకు పైగా మత కట్టడాలు, చారిత్రక కట్టడాలు ఉన్నాయని, స్తంభాలు అటూఇటూ జరిపి వాటిని కాపాడతామని హామీ ఇచ్చారు. మా నాయకులు ఆ హామీతో చాలా తృప్తిపడ్డారు. మసీదు గోడకు గీత పడదట, మాషా అల్లా! మరి ఆ మసీదులో ఐదు పూటలా నిలబడే మనిషి దుకాణం? ఆ దుకాణంలో ముప్పయ్యేళ్లుగా మిషను కుట్టే దర్జీ? చెక్కు ఇంటి యజమాని పేరు మీద వస్తుంది. పాతబస్తీ బజార్లలో సగం బతుకు పగిడీ మీద, కిరాయి మీద, నోటిమాట మీద నడుస్తుంది. రసీదు ఉండదు, పట్టా ఉండదు, తాత కాలం నాటి తాళంచెవి ఉంటుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడే బతుకుతున్న కిరాయిదారు, పనివాడు కూడా బాధిత కుటుంబమే. ఆ కుటుంబాల జాబితా ఏ మసీదు గోడకైనా అంటించారా? మా నాయకుల్లో ఒక్కరైనా ఆ జాబితా ఏదని అడిగారా? గోడ కోసం ధర్నాలు చేశారు. గోడకు ఓటుందో లేదో మాకు తెలియదు గాని, గోడ పేరు చెబితే ఓట్లు రాలతాయని వాళ్లకు బాగా తెలుసు.

ఇక్కడే ప్రభుత్వమూ మా పెద్దలూ ఒక్కటవుతున్నారు. ఇద్దరికీ రాయి కావాలి. వాళ్లకు చార్మినార్ రాయి, వీళ్లకు మసీదు రాయి. ఇద్దరి నక్షాలోనూ మనిషి ఖాళీ జాగాయే. ఆ మెట్రో దారి మీర్ మోమిన్ దైరా పక్కనుంచే పోతుంది. బజారు లేకుండా ఊరుండదని నక్షా గీసినవాడు అక్కడే సమాధిలో పడుకున్నాడు. ఆయన సమాధిని కాపాడతారు, సందేహం లేదు.

మమ్మల్ని అభివృద్ధికి అడ్డమనేవాళ్లు ఒక పని చేయండి. వచ్చే రంజాన్ లోపు చార్మినార్ చుట్టూ, మెట్రో దారి పొడవునా ప్రతి బండినీ, ప్రతి గుడ్డనూ, ప్రతి కిరాయి మిషనునూ లెక్కపెట్టండి. లెక్క ఉర్దూలో, తెలుగులో రాసి గల్లీ మొగదల అంటించండి. వీధి వ్యాపార కమిటీకి ఎన్నిక పెట్టండి, దుకాణదారు నామినేట్ చేసినవాణ్ని కాదు, బండివాణ్నే కూర్చోబెట్టండి. ఆడవాళ్లకు ఇన్ని గంటలు నిలబడే బజారులో మూత్రశాల ఎక్కడ కడతారో ముందు గీయండి, దీపస్తంభం నమూనా తర్వాత గీద్దురు గాని. బండి ఎక్కడ నిలబడాలో గీత గీయండి, నంబరు వేయండి, తైబజార్ రుసుము రసీదు మీద తీసుకోండి. గీత దాటితే మేమే లోపలికి జరుపుతాం. అది చేయకుండా మళ్లీ లారీ వేసుకుని తెల్లవారుజామున వస్తే మాత్రం, ఈసారి తక్కెడ చంకనబెట్టి పరుగెత్తం. అక్కడే కూర్చుంటాం, మీరు పరిచిన ఆ రాళ్ల మీదే.